కానుక కడియం

కొత్తగా గద్దెనెక్కిన రాజు నగరంలో ప్రతి మనిషికీ ఒక కడియం తొడిగించాడు. నికెల్ పూత పూసిన ఆ కడియం వెండికన్నా బాగా మెరిసేది. ఒకసారి తొడుక్కున్నాక తీయకూడదని చాటింపు వేయించాడు.

నీలవ్వ బజారులో అట్లు పోసి అమ్ముకునేది. పొయ్యి సెగకు ఎప్పుడూ చెమటే. కొద్ది రోజులకే కడియం కింద చర్మం ఎర్రబడి, దద్దుర్లు లేచి, రసి కారసాగింది. ఆస్థాన వైద్యుడి దగ్గరికి వెళ్ళింది.

"నికెల్‌లో దోషం లేదు," అన్నాడాయన చెయ్యి ముట్టుకోకుండానే. "నీ చర్మంలోనే ఉంది. మిగతావాళ్ళెవరూ గోక్కోవడం లేదే!"

నీలవ్వ కడియం లోపలివైపు లక్క పూసింది. సెగకు కరిగిపోయింది. గుడ్డ చుట్టింది. అట్లు తినడానికొచ్చిన భటుడు అది చూసి గుడ్డ లాగేశాడు. దాంతోపాటు చర్మమూ లేచొచ్చింది.

"రాజుగారి కానుకకీ నీ ఒంటికీ మధ్య గుడ్డ అడ్డమా?"

"కానుకైతే వద్దనే హక్కు నాకుండాలి కదయ్యా!" అని అరిచి, ఆమె కడియం ఊడబెరికి పొయ్యిలో పడేసింది.

రెండు చేతులకూ ఇనుప సంకెళ్ళు బిగించి ఆమెను చెరసాలలో పెట్టారు. మోటు ఇనుము, నల్లటిది, మోయలేనంత బరువు. అయినా దాని కింద దద్దుర్లు అణిగాయి. పుండు ఎండి కొత్త చర్మం వచ్చింది. దాన్ని చూసేకొద్దీ నీలవ్వకు కోపం పెరిగిపోయింది. సంకెళ్ళు చెయ్యని గాయం కానుక చేసిందా!

వీధివైపు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కేకేసింది. "చూడండి! ఇది ఖైదీ చెయ్యి! మీవీ చూపించండి!"

దారినపోయేవాళ్ళు గబగబా చొక్కా చేతులు కిందికి లాక్కున్నారు. పూలమ్మే ఆవిడ ఒక్కతే ఆగింది. అటూ ఇటూ చూసి, మణికట్టుదాకా ఉన్న తన రవికె చేతిని మెల్లగా పైకి జరిపింది. మణికట్టు నుంచి మోచేతిదాకా పచ్చిపుండు.

"నా ఒంట్లోనే దోషముందనుకున్నానక్కా," అంది.

"నాకూ అదే చెప్పారమ్మా," అంది నీలవ్వ పళ్ళు బిగించి.

మర్నాడు పొద్దున్నే చెరసాల అధికారి తలుపు తీసి నిలువునా కొయ్యబారిపోయాడు. వీధి చివరిదాకా జనం. ఎవరి చేతిలోనూ కర్ర లేదు, కత్తి లేదు. అందరూ చొక్కా చేతులు పైకి మడిచి, రసి కారే మణికట్లు ముందుకు చాపి నిలబడ్డారు.

"ఏం కావాలి మీకు?" అన్నాడతను.

పూలావిడ ముందుకొచ్చింది.

"సంకెళ్ళు," అంది.