పింగళమ్మ సగం పూట ఉద్యోగం

కొల్లేటి గట్టున కుయ్యప్ప అనే నక్క పొదుగుడు కాంట్రాక్టులు చేసేవాడు. నక్క చేతికి గుడ్లెవరిస్తారని అడక్కండి, ఇచ్చారు మరి! బుల్లెమ్మ బాతు కోతలైన చేలల్లోకి మేతకు పోతూ పన్నెండు గుడ్లు అప్పగించింది.

"పిల్లలన్నీ నా వెనక నడిచొస్తే గంపెడు చేపలు నీవి. ఒక్కటి రాకపోయినా చేప తోక కూడా దక్కదు" అంది.

చేపలంటే కుయ్యప్పకి ప్రాణం. కానీ రోజంతా పొదిగే కోడికి దోసెడు నూకలతో పాటు తవుడు కూడా పెట్టడం ఆ గట్టు మీద ఆచారం. తవుడు పేరెత్తితే చాలు, వాడికి ఒళ్ళు మంట.

సరిగ్గా అప్పుడే పింగళమ్మ అనే కోడి పనికొచ్చింది. ఇంట్లో తొమ్మిది పిల్లలు. గద్ద తిరిగే మధ్యాహ్నం వేళకి వాటి దగ్గరుండాలి. గానుగ ఎద్దునడిగితే రోజంతా తిరిగితేనే పనన్నాడు. రేవులో గాడిదా అదే మాట.

"పొద్దున పూట పొదుగుతాను బాబుగారూ. సగం దోసెడు ఇప్పించండి."

"సగం దోసెడా! రోజంతా చేస్తే ఉద్యోగం. సగం పూట చేస్తే సరదా. సరదాకి ఎవరైనా జీతమిస్తారా? నేను కాబట్టి పావు దోసెడు ఇస్తున్నా."

"సగం పూటయినంత మాత్రాన నా ఒంటి వేడి తగ్గదు కదండీ?"

"ఎదురు మాట్లాడితే నూకలు తగ్గుతాయి."

గతిలేక ఒప్పుకుంది. పావు దోసెడు తొమ్మిది ముక్కులకీ ఏ మూలకి? కడగొట్టు పిల్ల ఖాళీ కడుపుతో పడుకుంటే ఆ తల్లికి ఏడుపు ఆగేది కాదు.

సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఎర్రక్క అనే ఇంకో కోడిని పెట్టాడు, అదీ సరదా కిందే. మధ్యలో మధ్యాహ్నం మిగిలిపోయింది.

"ఎండ పొదుగుతుందిలే. ఎండ తవుడు అడగదు" అని తన తెలివికి తనే మురిసిపోయాడు.

మర్నాడే మబ్బు పట్టింది. గుడ్లు చల్లబడుతుంటే చేపల గంప కళ్ళ ముందు మెదిలింది. కుయ్యప్ప అటూ ఇటూ చూసి, తోక సర్దుకుని, గుడ్ల మీద కూర్చున్నాడు. ఇక రోజూ అదే పని. నడుం పట్టేసింది. పక్క పొద నక్క "ఏం బావా, గుడ్లెప్పుడు పెట్టావు?" అని పలకరించి మరీ పోయేది.

ఇరవై ఎనిమిదో రోజు మధ్యాహ్నం పింగళమ్మ లేవబోయి ఆగింది.

"బాబుగారూ, లోపల టకటకమంటున్నాయి. ఇవాళొక్క రోజుకి నా పిల్లల్ని పక్కింటి పావురం చూస్తోంది, ఈ పూటకి ఉండిపోనా?"

"ఉంటే రోజంతా పనవుతుంది. తవుడు అడుగుతావు. పో!"

"అది కాదండీ, పిల్లలు కళ్ళు తెరిచి మొదట ఎవరిని చూస్తే..."

"మాటలకి కూలి లేదు. టైమైంది, లే!"

లేచి వెళ్ళిపోయింది. కుయ్యప్ప కూర్చున్నాడు. కాసేపటికి కింద కితకితలు పుట్టాయి. వంగి చూస్తే పన్నెండు పసుపు తలలు.

"అమ్మా!" అన్నాయి అన్నీ ఒక్కసారే.

"ఛీ, నేను నక్కని!"

"నక్కమ్మా!"

మర్నాడు బుల్లెమ్మ చేపల గంపతో దిగింది. "రండర్రా నా బంగారాలూ!" అని పిలిస్తే పిల్లలన్నీ కుయ్యప్ప పొట్ట కింద దూరాయి. "ఎవరమ్మా ఈవిడ? భయమేస్తోంది" అన్నాయి. తిట్టాడు, అరిచాడు, పరిగెత్తాడు. పన్నెండూ వెనకే పరిగెత్తాయి.

"నా పిల్లలు నా వెనక నడిచిన రోజు పిలువు. అప్పటిదాకా గంప నాదే" అని బుల్లెమ్మ చక్కా పోయింది.

కుయ్యప్ప పన్నెండు పిల్లల్నీ వెంటేసుకుని పింగళమ్మ గుమ్మంలో నిలబడ్డాడు.

"పింగళమ్మ గారూ, తమరే దిక్కు."

"పిల్లల్ని తల్లికి మచ్చిక చెయ్యడం మాకు తెలిసిన పనే. పది రోజులు పడుతుంది. పొద్దున పూటే వస్తాను. సగం పూటకి సగం దోసెడు, సగం తవుడు. ఎర్రక్కకీ అంతే. ఇన్నాళ్ళూ తగ్గించింది ముందే ఇవ్వాలి."

"సరే, సరే! ఇప్పుడే రా!"

"ఇప్పుడు నా పిల్లలు తినే వేళ. రేపు పొద్దున వస్తాను."

తలుపు మూసుకుంది. కుయ్యప్ప గుమ్మంలోనే చతికిలబడ్డాడు.

"అమ్మా, నత్తలు ఏరి పెట్టవా?" అన్నాయి పన్నెండు గొంతులు.

సగం పూట పనిచేసేవాళ్ళకైనా ఆకలి నిండుగానే వేస్తుంది.