ఎవరిదీ కాని కట్ట

పెద్దడవిని ఏలే సింహానికి వయసు మీదపడింది. అడవి తూర్పు కొసన ఉన్న ఈతలగుట్ట నుంచి రోజూ ఏదో ఒక తగువు వచ్చి చెవిలో పడుతుంటే ఒకనాడు విసుగెత్తిపోయి, "మీ గుట్ట సంగతి మీరే చూసుకోండర్రా. వేట, పొలిమేర కాపలా నావి. మేత, దారులు, గుంటలు, కాలవలు మీవి. గుట్ట మీద ఉన్నవాళ్ల జోలికి నేను రాను. గుట్ట దిగినవాళ్ల పూచీ నాది కాదు" అని తేల్చి చెప్పేసింది. అలా ఈతలగుట్టకి సొంత ప్రభుత్వం వచ్చింది, సొంత సభ వచ్చింది. ఇన్ని సొంతవి వచ్చాక సొంత నక్క రాకుండా ఉంటుందా? కొండలరావు అనే నక్క ముఖ్యమంత్రి అయి కూర్చున్నాడు.

సభ మొదట్లో నోటిమాటలతోనే నడిచేది. గాడిద లేచి తొలి ప్రశ్న అడిగేసరికి చెట్ల మీది పిట్టలన్నీ పక్క గుట్టకి లేచిపోయాయి. దాంతో సభాపతి కూర్మయ్య, ఆయన తాబేలు, ఒక పద్ధతి పెట్టాడు. ఇకమీదట ప్రశ్న అడగాలంటే మోదుగాకు మీద ముల్లుతో గీసి ఇవ్వాలి. జవాబూ ఆకు మీదే రావాలి. ఆకు మీద వచ్చిన జవాబు నిజమనే సభ్యులు నమ్మాలి, అబద్ధమని నోరెత్తకూడదు. అయితే అది అబద్ధమని రేపెప్పుడైనా ప్రభుత్వమే మరో ఆకు మీద రాసి ఒప్పుకుందా, ఆ రోజుతో పదవి ఊడిపోతుంది.

ఆ చివరి ముక్క విని కొండలరావు మీసాలు నాకుకుంటూ నవ్వాడు. దొంగతనం చేసి, చేశానని రాసిచ్చే వెర్రిబాగులవాడు ఏ అడవిలో ఉంటాడు? పైగా జవాబులు గీసే కార్యదర్శి ధవళయ్య అనే కొంగ. ఒంటికాలి మీద నిలబడి పొద్దు గుంకేదాకా మాట్లాడి ఒక్క సంగతీ చెప్పకుండా పోగల మొనగాడు.

ఇక మన కాటుకమ్మ దగ్గరికి వద్దాం. కాటుకమ్మ గేదె. గుట్ట కిందివైపు జంతువులన్నీ కలిసి ఆమెని సభకి పంపాయి. మంచిదే, కాకపోతే నెమ్మది. ఏ మాటైనా చెవిన పడ్డాక ఒక పూటంతా నెమరేస్తే గాని ఒంటబట్టదు. తల్లి చెప్పిపోయిన బుద్ధి ఒకటి మాత్రం బాగా ఒంటబట్టింది. "ఎంత ఎండైనా కాయనీ, పరాయివాళ్ల బురదలో పొర్లకే. ఎవరిదని అడుగు. తేలాకే కాలు పెట్టు." గేదెల్లో మర్యాదంటే అదే మరి.

ఆ వేసవిలో కింది గుంట ఎండడం మొదలుపెట్టింది. ఏటా ఈపాటికి వీపు మునిగే నీళ్లుండేవి. ఇప్పుడు గిట్టలు తడిస్తే గొప్ప. కాటుకమ్మ కొత్తగా ఈనింది. పెయ్య పాలకోసం కుమ్ముతోంది, పొదుగులో పాలు లేవు. గుంట పూర్తిగా ఎండితే గుట్ట దిగి పెద్దడవి ఏటికి పోవాలి. దిగిన పెయ్యని సింహం చూసి ముద్దుపెట్టుకుని పంపదు కదా. 

అందుకని జీవితంలో మొదటిసారి మోదుగాకు కోసి, నాలుక బయటపెట్టి, కిందా మీదా పడి ఒక ప్రశ్న గీసింది. "కింది గుంటకి నీళ్లు ఎందుకు రావడం లేదు?"

జవాబు వచ్చింది. "కింది గుంటకి నీళ్లు పైనుంచి రావాలి. పైనుంచి రానందువల్ల రావడం లేదు."

కాటుకమ్మ సంతోషించింది. నిజమే కదా అనుకుంది. ఆ పూటంతా నెమరేసింది. సాయంత్రానికి ఎక్కడో ఏదో కొరవ అనిపించి ఇంకో ఆకు గీసింది. "పైనుంచి ఎందుకు రావడం లేదు?"

"గౌరవ సభ్యురాలు దయచేసి మొదటి ప్రశ్నకి ఇచ్చిన జవాబు చూడగలరు."

చూసింది. అటునుంచి ఇటు చూసింది, ఇటునుంచి అటు చూసింది. మొదటి ఆకు చదివితే రెండోది అడగాలనిపిస్తుంది, రెండోది చదివితే మొదటిది చూడమంటుంది. గానుగ చుట్టూ తిరుగుతున్నట్టుంది గాని గానుగలో నూనె లేదు. తప్పు తన బుర్రలోనే ఉందేమోనని ఆమెకి భయం వేసింది. ఆ రెండు ఆకులూ పట్టుకుని పక్క ముళ్లపొద దగ్గర మేస్తున్న మేక ముత్యాలు దగ్గరికి పోయింది. ముత్యాలు కూడా సభ్యురాలే.

"ముత్యాలూ, ఇది నీకేమైనా అర్థమైందా చూడు."

ముత్యాలు ఆకులు వాసన చూసింది. "అర్థం చేసుకోడానికి రాసినవి కావు ఒదినా ఇవి. నేను దారి గురించి అడిగాను, జవాబొచ్చింది. మేత గురించి అడిగాను, జవాబొచ్చింది. రెండూ తినేశాను. ప్రభుత్వం మనకి పెట్టే మేత ఇదొక్కటే."

"మరి నీళ్లు?"

"నీళ్లు పైన ఉంటే పైకి పోయి చూడాలి గాని, ఆకులో ఉంటాయా? పద."

ఇద్దరూ గుట్ట ఎక్కారు. పైన వాగుకి అడ్డంగా ఒక మట్టికట్ట ఉంది. నున్నగా, ఎత్తుగా, గడ్డి కలిపి మెత్తిన కట్ట. దాని వెనక నీళ్లు నిండుకుండలా ఉన్నాయి. నీళ్లలో చేపలు, గట్టున పీతలు. చేపలకీ పీతలకీ సభలో సభ్యులు లేరు కాబట్టి వాటి తరఫున అడిగే దిక్కు లేదు. ధవళయ్య ఒంటికాలి మీద నిలబడి మధ్యాహ్న భోజనంలో ఉన్నాడు. గట్టు పొడుగునా పీత డొప్పలు, నక్క అడుగులు.

ముత్యాలుకి సంగతి అర్థమైపోయింది. కాటుకమ్మకి కాలేదు. ఆమె మర్యాదగా అడిగింది.

"ధవళయ్యగారూ, ఈ కట్ట ఎవరిదండీ?"

ధవళయ్య గొంతులో చేపని కిందికి జార్చుకుని అన్నాడు. "నోటి ప్రశ్నలు రద్దయ్యాయి కదమ్మా. రాసివ్వండి."

ఆమె రాసిచ్చింది. "పైన వాగు మీద ఉన్న మట్టికట్ట ఎవరిది?"

ఈసారి జవాబు ఆకు పెద్దదే వచ్చింది. "ఆ కట్ట గుట్ట ప్రభుత్వానిది కాదు. ముఖ్యమంత్రిది కాదు. ఆయన బంధుమిత్రులది కాదు. దానికీ మాకూ ఏ సంబంధమూ లేదు. వాగు పుట్టింది పెద్దడవిలో గనక ఈ విషయం పెద్దడవి వారి పరిధిలోది. వారినే అడగగలరు."

కాటుకమ్మ వారినే అడిగింది. పొలిమేర దాకా నడిచి, అక్కడ కాపలా ఉన్న గద్ద చేతికి ఆకు ఇచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది. కొన్నాళ్లకి గద్ద జవాబు తెచ్చి పడేసింది. "గుంటలు, కాలవలు, కట్టలు ఎప్పుడో గుట్టకి అప్పగించేశాం. ఆ కట్ట మాది కాదు. ఇలాంటివి ఇంకోసారి పంపొద్దు."

ఇక కాటుకమ్మ బుర్ర గిర్రున తిరిగింది. ఒకరిది కాకపోతే ఇంకొకరిది అయి తీరాలి కదా. అసలు తను చూసింది కట్టేనా? ఎండలో కళ్లు చెదిరాయా? ముత్యాలు కూడా చూసిందే. ఇద్దరికీ ఒకేసారి చెదురుతాయా? పోనీ ఇంకెవరైనా కట్టారేమోనని గుట్ట మీద ఇంటింటికీ తిరిగి అడిగింది. కుందేళ్లు మాది కాదన్నాయి. అడవిపందులు మేం తవ్వుతాం గాని కట్టం అన్నాయి. చివరికి సభాపతి కూర్మయ్య దగ్గరికి పోయి రెండు ఆకులూ ముందు పెట్టింది.

"తాతా, ఇందులో ఏది నిజం?"

"ఆకు మీద వచ్చిందా?"

"వచ్చింది."

"అయితే నిజం."

"రెండూనా?"

"రెండూ నిజమే తల్లీ. రెండు ప్రభుత్వాలు రాసిచ్చిన మాటని నువ్వు కాదంటావా, నేను కాదంటానా?"

"మరి కట్ట సంగతేంటి తాతా?"

"దాని సంగతి ఆకు మీద ఎంత ఉందో అంతే. అంతకంటే నాకూ తెలీదు" అని కూర్మయ్య డొప్పలోకి తల లాక్కున్నాడు. పెద్దవాళ్లకి అదొక సుఖం.

ఇంటికి వచ్చేసరికి పెయ్య లేవడం లేదు. తల్లిని చూసి మెడ ఎత్తబోయి మళ్లీ నేల మీద పెట్టేసింది. కాటుకమ్మ దాని నుదురు నాకింది. ఏడుపు వచ్చింది గాని కళ్లలో నీళ్లకి కూడా కరువే. పెయ్య పక్కనే నిలబడి, చాలాసేపు నెమరేసింది. మొదటి జవాబు నుంచి చివరి జవాబు దాకా ఒక్కొక్కటే పైకి తెచ్చుకుని నమిలింది. అప్పుడు గుట్టెక్కడం మొదలుపెట్టింది. ముత్యాలు వెంటపడింది.

"ఎక్కడికి ఒదినా ఈ ఎండలో?"

"ఒళ్లు మండిపోతోంది ముత్యాలూ. కాసేపు బురదలో పడుకుంటేగాని బుర్ర పనిచేసేట్టు లేదు."

"బురదెక్కడుంది?"

"పైన ఉందిగా, ఆ కట్ట దగ్గర. ఎవరిదో అడగందే కాలు పెట్టకూడదని అమ్మ చెప్పింది. అడిగాను. అందరినీ అడిగాను. ఎవరిదీ కాదట. రాసి కూడా ఇచ్చారు."

ముత్యాలు నడుస్తున్నది ఆగిపోయింది. కాటుకమ్మ ముఖంలోకి తేరిపార చూసింది. ఎకసెక్కమేమో అనుకుంది. కాదు, పాపం, మనస్ఫూర్తిగానే అంటోంది. ముత్యాలు నవ్వు పళ్ల బిగువున ఆపుకుని, "అయితే ఇంకేం, బాగా పొర్లు ఒదినా" అంది.

కాటుకమ్మ కట్ట నడిమధ్యకి పోయి, "ఎవరైనా ఉన్నారా" అని మర్యాదకి ఒకసారి పిలిచి, ఎవరూ పలకకపోతే చతికిలబడింది. తడిమట్టి చల్లగా తగిలింది. హమ్మయ్య అనుకుని ఎడమవైపుకి పొర్లింది. కట్ట కుంగింది. కుడివైపుకి పొర్లింది. కట్ట నెర్రె ఇచ్చింది. గేదె వీపు దురద తీరేదాకా పొర్లితే కొండచరియే ఆగదు, నక్క మెత్తిన మట్టి ఎంత? ఒక్కసారిగా నడుం కింద నేల జారిపోయింది, నీళ్లు హోరుమని కిందికి దూకాయి. చేపలు, పీతలు, డొప్పలు, అన్నీ వాటితోపాటే పోయాయి.

గుహలో కునుకు తీస్తున్న కొండలరావు ఆ హోరుకి లేచి పరిగెత్తుకొచ్చాడు.

"అయ్యో నా కట్ట! ఏం పని చేశావే కాటుకమ్మా, నా కట్టంతా నాశనం చేశావు కదే!"

కాటుకమ్మ బురద ముఖంతో లేచి నిలబడింది. ఉన్న అయోమయం చాలక ఇంకొకటి వచ్చిపడింది.

"మీదా అండీ? మీది కాదని రాశారు కదండీ. ఆకు ఇంటి దగ్గరే ఉంది, తెమ్మంటారా?"

అప్పుడు గాని పక్కన నిలబడ్డ ముత్యాలు కొండలరావు కంటపడలేదు.

"నోటిమాట చెల్లదు లెండి, కొండలరావుగారూ. మీదైతే రాసివ్వండి. సభలో పెడదాం" అంది ముత్యాలు.

తేలు కుట్టిన దొంగలా కొండలరావు గుహలోకి పోయాడు. కోపం మాత్రం కుతకుతలాడుతోంది. ధవళయ్యని పిలిచి ఫిర్యాదు గియ్యమన్నాడు. ధవళయ్య మోదుగాకు పరిచి ముల్లు పట్టుకున్నాడు.

"రాయి. కాటుకమ్మ అనే సభ్యురాలు కట్టని కావాలని తెగ్గొట్టింది. ఆమెని సభ నుంచి వెలివేయాలి."

"ఎవరి కట్టని రాయమంటారు?"

"నాది... కాదు, ఉండు. నాదని రాస్తే?"

"మునుపటి జవాబు అబద్ధమని మనమే ఆకు మీద ఒప్పుకున్నట్టు. పదవి పోతుందండి."

"నాది కాదని రాస్తే?"

"మీది కానిదానికి మీకెందుకు ఏడుపని అడుగుతారండి."

"పెద్దడవిదని రాయి."

"సింహం మాది కాదని ఆకు ఇచ్చిందండి. సింహాన్ని అబద్ధాలకోరనడానికి నా ముల్లు లేవదు."

కొండలరావు కాసేపు తోక కొరుక్కున్నాడు. "పోనీ ఎవరిదో చెప్పకుండానే గీకెయ్యి. ఇన్నాళ్లూ ఆ పని చేసి పెట్టావుగా."

"గీకొచ్చండి. కానీ కాటుకమ్మ మళ్లీ ఆకు పంపుతుంది. ఆమె అడిగేది ఒకటే ప్రశ్న కదండీ. ఎవరిదని."

బయట ఎవరో వస్తున్న అలికిడైంది. కొండలరావు ధవళయ్య ముందున్న ఆకు లాక్కుని, మడిచి, నోట్లో కుక్కుకున్నాడు. మోదుగాకు వగరు అతనికి ఎన్నడూ తెలియదు. మింగలేకా కక్కలేకా అలాగే నములుతూ కూర్చున్నాడు.

కింద గుంట నిండింది. పెయ్య మోకాళ్ల మీద లేచి, తడబడుతూ వచ్చి, మూతి ముంచి తాగింది. కాటుకమ్మ మెడదాకా నీళ్లలో కూర్చుని దాన్నే చూస్తోంది. ప్రాణం కుదుటపడింది గాని బుర్ర ఇంకా కుదుటపడలేదు.

"అంతా బాగానే ఉంది గాని ముత్యాలూ, ఇంతకీ ఆ కట్ట ఎవరిదంటావ్?"

"ఇంకో ఆకు రాసి అడుగు ఒదినా" అంది ముత్యాలు గట్టు మీద చిగుళ్లు కొరుకుతూ.

నీతి: నాది కాదని రాసిచ్చినవాడికి, అది పోయిన రోజున ఏడ్చే హక్కు కూడా పోతుంది.