ఉప్పుకుప్ప పొయ్యని చోట కట్టిన ఇల్లు

పొద్దున ఏడు గంటలు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, గాలి ఊసే లేదు. అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం పక్కన ఉప్పు పండించే ఒక ఊళ్ళో, ఒక ఎడ్లబండి వచ్చి ఆగింది. ఊఁ కొడుతూ ఉండు, చెబుతాను.

ఆ ఊళ్ళో దాలమ్మ అని ఒక తల్లి. ఆమెకి నాలుగేళ్ళ కూతురు, నూకాలు. ఉప్పుమడిలో దిగితే మధ్యాహ్నం దాకా వంచిన నడుం ఎత్తే పని లేదు. మరి పిల్ల? పాతచీర చింపి, ఒక కొస పిల్ల నడుముకీ, రెండో కొస గట్టు మీది గుంజకీ కట్టేది. ఆ ఊరి తల్లులందరూ అంతే. ఏడుపు వినబడుతుంటే చాలు, పిల్ల ఉన్నట్టే అనుకునేవాళ్ళు.

బండిలో వచ్చినావిడ సుభద్రయ్యమ్మ గారు. కలిగిన మనిషి, పిల్లలు లేని మనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి. గుంజలకి కట్టిన పిల్లల్ని చూశారు.

"దూడల్ని కట్టినట్టు కట్టారేమర్రా!" అని కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

అప్పుడు ఆవిడ ఒక మాటిచ్చారు. పిల్లలకి ఒక ఇల్లు కట్టిస్తాననీ, పొద్దున పాలూ మధ్యాహ్నం అన్నమూ పెట్టిస్తాననీ, కనిపెట్టుకుని ఉండడానికి ఒక మనిషిని పెడతాననీ. ఉత్తమాట కాదు. నెల తిరక్కుండా ఇటిక దిగింది.

ఇటిక దిగింది బండిదారి పక్కన, ఏటి వారన, పల్లంలో. ఆవిడ గట్లెక్కి నడవలేరు కదా. బండిలో కూర్చునే పిల్లల్ని చూసుకోవాలని ఆశ. కానీ ఆ పల్లం సంగతి ఊరందరికీ తెలుసు. సముద్రం పొంగితే ఏరు ముందు అక్కడికే వస్తుంది. అక్కడ ఉప్పుకుప్ప కూడా పొయ్యరు.

ఇంటి కొలతకి మేకులు కొట్టిననాడు, ఇది మునిగే చోటని దాలమ్మ తన అత్త చెవిలో గొణిగింది. అత్త గయ్యిమంది. "ఊరికే కట్టిస్తన్న అమ్మకి వంక పెడతావేటే? ఆవిడకి కోపమొస్తే నీ కూతురు మళ్ళీ గుంజకే!" దాలమ్మ నోరు మూసుకుంది.

ఆ తర్వాత పునాది తవ్వారు. గోతిలో నీరూరింది. దాలమ్మ మొహం చూసి తాపీమేస్త్రి నవ్వాడు. "ఉప్పు ఊళ్ళో ఉప్పునీరూరక పాలూరతాయా అక్కా?" ఆడవాళ్ళందరూ నవ్వారు. దాలమ్మా నవ్వింది.

ఆ తర్వాత గృహప్రవేశం. సుభద్రయ్యమ్మ గారు నేరుగా దాలమ్మనే పిలిచి అడిగారు.

"ఏమ్మా, చోటు బాగుందా? మొహమాటం లేకుండా చెప్పు."

"బాగుందమ్మగారూ," అంది దాలమ్మ.

మూడుసార్లు అడ్డుపడగలిగిన మాట, మూడుసార్లూ గొంతులోనే ఉండిపోయింది.

అబద్ధం ఎందుకు, రెండేళ్ళు ఆ ఇల్లు చల్లగా నడిచింది. పిల్లల్ని చూసుకోవడానికి గవరమ్మ అనే పిల్ల వచ్చింది. పదిహేడేళ్ళది. ఎక్కడో ఏటి ఎగువ ఊరు, వెనకా ముందూ ఎవరూ లేరు. సుభద్రయ్యమ్మ గారే చదివించి, ఈ పనిలో పెట్టారు. రాత్రికి ఆ ఇంట్లోనే చాప పరుచుకునేది. "నాకింకా పెళ్ళే కాలేదు, అప్పుడే పందొమ్మండుగురు పిల్లలు!" అని నవ్వేది. నూకాలికి జడ వేసేది, పాట నేర్పేది. నడుం మీద పేలిక ఒరుసుకున్న మచ్చలు పిల్లలకి మెల్లగా మాసిపోయాయి.

మూడో ఏడు వైశాఖంలో గాలి మారింది. పొద్దున్నే ఆకాశం నల్లబడింది. తల్లులు ఉప్పు తడవకుండా కుప్పల మీద తాటాకు కప్పుతున్నారు. అప్పుడు ఏరు పొంగింది. చప్పుడు లేకుండా, పొంగిన పాలలా, ముందు ఆ పల్లంలోకే వచ్చింది.

దాలమ్మ పరిగెత్తింది. తల్లులందరూ పరిగెత్తారు.

గవరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. నడుము దాకా నీళ్ళు. పిల్లల్ని బల్ల మీదికి ఎక్కించి, ఒక్కొక్కర్నే ఎత్తి అందిస్తోంది. దాలమ్మ మొదటిసారి వెళ్ళి, చేతికి అందిన ఇద్దర్ని గట్టు మీదికి తెచ్చింది. రెండోసారి మరో ఇద్దర్ని. మూడోసారి వెళ్ళేసరికి గవరమ్మకి గొంతు దాకా నీళ్ళు.

"ఇదే ఆఖరు, దాలక్కా. గట్టిగా పట్టుకో," అని నూకాల్ని చేతిలో పెట్టింది.

దాలమ్మ పట్టుకుంది. వెనక్కి చూడకుండా గట్టుకి పరిగెత్తింది.

గట్టు మీద లెక్కపెట్టారు. ఒకసారి కాదు, మూడుసార్లు. పందొమ్మిది. తల్లులు పిల్లల్ని అదుముకుని ఏడ్చారు, నవ్వారు, దేవుళ్ళకి మొక్కారు. అందరూ ఉన్నారు, అందరూ ఉన్నారు అనుకున్నారు.

అప్పుడు నూకాలు అడిగింది. "అమ్మా, గవరక్కో?"

గవరమ్మని ఎవరూ లెక్కపెట్టలేదు. గట్టు మీద ప్రతి తల్లీ తన పిల్లని వెతుక్కుంది. గవరమ్మకి ఆ గట్టు మీద తల్లి లేదు.

నీరు తీసింది. ఆమె దొరకలేదు.

సుభద్రయ్యమ్మ గారు వచ్చారు. ఇద్దరు పట్టుకుంటే దిగి, ఆ బురదలోనే కూలబడ్డారు.

"ఇది మునిగే చోటని ఒక్కరైనా చెప్పలేదేమర్రా?"

అత్త కొంగు లాగుతున్నా ఆగకుండా దాలమ్మ ముందుకొచ్చింది. "మీరడిగారమ్మగారూ. నేనే చెప్పలేదు."

ఆవిడ బురద చేతుల్తోనే దాలమ్మ చెయ్యి పట్టుకున్నారు. "చెప్పి ఉంటే కోప్పడేదాన్నేమోనే," అన్నారు. "ఇప్పుడు నువ్వు చెప్పు. ఎక్కడ కట్టాలి?"

దాలమ్మ మిట్ట మీదికి చెయ్యి చూపించింది. "అక్కడమ్మా. కానీ బండి ఎక్కదు. మీరు పిల్లల్ని చూడలేరు."

"చూడకపోతే పోనీ," అన్నారు ఆవిడ.

మిట్ట మీద ఇల్లు లేచింది. ఇంకో ఊరి నుంచి ఇంకో పిల్ల వచ్చింది. ఆ పిల్లని రాత్రిపూట అక్కడ ఒంటరిగా పడుకోనివ్వలేదు దాలమ్మ. తనింట్లోనే కంచం పెట్టింది, తనింట్లోనే పక్క వేసింది.

ఆ తర్వాత ఏ సాయంత్రమైనా చూడు. దాలమ్మ మిట్ట దిగువన నిలబడి ఉంటుంది. ముందు ఆ పెద్దపిల్ల వైపు వేలు చూపించి ఒకటి అంటుంది. ఆ తర్వాతే చిన్నపిల్లలు. రెండు, మూడు, నాలుగు... ఇరవై దాకా. ఇరవై అయ్యాక కూడా, కాసేపు దారి వైపే చూస్తూ ఉంటుంది.

పెద్దపిల్ల ముందు వచ్చె ఇంటికి,
చిన్నవాళ్ళు వెనక వచ్చిరి ఇంటికి,
కథ ఒక్కటే నడిచిపోయె కంచికి,
కునుకు రావాలమ్మ నీ కంటికి.
ఒకటీ... రెండూ... మూడూ...