బుర్రావారు వీధి దీపాలు చూసుకున్న వైనం

సింగవరం పట్నంలో తెలివితేటలన్నీ తమ ఇంట్లోనే ఉన్నాయని బుర్రావారి నమ్మకం. ఇంటిపేరే బుర్రా అయినప్పుడు వేరే రుజువెందుకంటాడు పెద్దవాడు గవరయ్య. అవునంటాడు తమ్ముడు పైడయ్య. అన్న చెప్పింది అర్థం కాకపోయినా అవుననడం వాడికి అలవాటు.

ఆ రోజుల్లో జమీందారుగారు కిరసనాయిలు దీపాలు తీయించి వీధుల్లో గ్యాసు దీపాలు పెట్టించారు. నేలలో గొట్టాలు, స్తంభం మీద గాజు పెట్టె, అందులో మంట. వాటిని చూసుకునే పని బుర్రావారికి దొరికింది. వాళ్ళ పైన సోమయాజులుగారు. మహా ఆచారవంతుడు, అశుభం మాట నోట రానివ్వడు.

"చీకటి పడగానే దీపాలు ముట్టించండర్రా" అన్నాడాయన.

"చిత్తం బాబూ!"

ఇంకేముంది, దారిన పోయేవాళ్ళని ఆపి, నిచ్చెనెక్కించి, ఒక్కో దీపాన్నీ వాళ్ళ చేత ముట్టించారు. ఒక లావుపాటి షావుకారు పైకెక్కి దిగలేక అక్కడే ఉండిపోయాడు. ఊరంతా చీకటి.

"అన్నీ ముట్టించాం బాబూ. షావుకారుగారైతే ఇంకా ముట్టుకునే ఉన్నారు" అన్నాడు పైడయ్య.

సోమయాజులుగారు తలపట్టుకుని, అగ్గిపుల్ల గీసి ఎలా వెలిగించాలో చూపించాడు. అది మాత్రం నేర్చుకున్నారు.

"పొద్దున్నే గాజులు తుడవండి. మసి కనపడకూడదు" అని కూడా చెప్పాడు.

అంతే. తెల్లారగానే తడిగుడ్డ పట్టుకుని గవరయ్య ముందుగా పెళ్ళాం నూకాలు గాజులు తుడిచాడు. మొగుడికి ఇన్నాళ్ళకి ప్రేమ పుట్టిందని ఆవిడ పొంగిపోయింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాత్రం పొంగిపోలేదు. చీపుళ్ళు తిరగేశారు.

"ఎవరి గాజులకీ మసి లేదన్నియ్యా" అన్నాడు పైడయ్య, వీపు తడుముకుంటూ.

సోమయాజులుగారికి ఏడుపొక్కటే తక్కువ. "రేపు సాయంత్రం జమీందారుగారు దీపాలు చూడ్డానికొస్తున్నారు. తేడా వస్తే మీ ఉద్యోగాలు పోతాయి. తెల్లారగానే దీపాలు కొండెక్కించండి, గ్యాసు వృథా కాకూడదు." ఆర్పమనడం ఆయన నోట రాదు మరి.

ఊరి పక్కనే కొండ ఉంది. అన్నదమ్ములు దీపాలన్నీ ఊడదీసి, బండికెత్తి, కొండెక్కించారు. ఇక్కడ గొట్టాల్లోంచి గ్యాసు బుస్సుమంటోంది. ఊరంతా కుళ్ళిన గుడ్ల కంపు.

"దీపాలేవిరా?" అన్నాడు సోమయాజులుగారు ముక్కు మూసుకుని.

"కొండెక్కాయి బాబూ. ఒకటి మాత్రం సగం దారిలో కూచుంది. దానికి ఆయాసం."

ఊళ్ళో కమ్మరులంతా కలిసి, అతికష్టం మీద సందెవేళకి మళ్ళీ బిగించారు. సోమయాజులుగారు వేలు చూపించి అన్నాడు: "జమీందారుగారు వెళ్ళేదాకా మీరిద్దరూ నా కంటికి కనపడ్డారో, మీ ఉద్యోగాలు పోయినట్టే!"

పాపం, ఇద్దరూ దాక్కోడానికి చోటు వెతికారు. స్తంభం వెనక నిలబడ్డారు, కనపడుతున్నారు. గోడ పక్కన నక్కారు, అక్కడా వెలుగే. అవతల జమీందారుగారి బండి వీధి మొదట్లోకి వచ్చేసింది. సోమయాజులుగారు ఇటే తల తిప్పుతున్నాడు.

"వెలుగుంటేనే గదన్నియ్యా మనం కనపడతాం" అన్నాడు పైడయ్య.

గవరయ్య తమ్ముణ్ణి కావలించుకున్నాడు. ఇద్దరూ గ్యాసు పంపే కొట్టులోకి పరిగెత్తి, పెద్ద మర తిప్పి కట్టేశారు. పట్నం మొత్తం ఒక్కసారిగా చీకటైపోయింది. గుర్రాలు బెదిరాయి. జమీందారుగారు తలపాగాతో సహా మురిక్కాలవలో పడ్డారు.

"ఒరే గవరయ్యా! పైడయ్యా! ఎక్కడున్నార్రా?" అని సోమయాజులుగారి కేక వినపడింది.

గవరయ్యకి ఆనందంతో కళ్ళనీళ్ళు తిరిగాయి.

"కనపడట్లేదంట్రా తమ్ముడూ! మన ఉద్యోగాలు నిలబడ్డాయి."