ఆరో భాగం దగ్గర ఆగిన నవల

జోగారావు మాస్టారిని ఏదైనా అడిగితే సూటిగా జవాబు రాదు. ముందు కళ్లజోడు తుడుచుకుంటారు, తర్వాత అడిగినవాళ్ల చేతే ఏదో ఒక పని చేయిస్తారు. విజయనగరంలో ఆయన ఇంటి వరండాలో ప్రతి ఆదివారం కథలు రాయడం నేర్చుకునే మా ఏడుగురికీ ఇది అలవాటే.

ఆ ఆదివారం నీలవేణి వచ్చీరాగానే అడిగింది. "మాస్టారూ, చంద్రిక నవలలో ఏముందని దానికి నలభై వేల వ్యూస్? నాకు మూడొందలు. ఇక నేను రాయడం ఆపేస్తే ఎవరికి నష్టం?"

మా తరగతిలో లేని చంద్రికా, నీలవేణీ ఒకే కథల యాప్‌లో, ఒకే వారం నవలలు మొదలుపెట్టారు. చంద్రిక వారం తప్పకుండా రాస్తూ, ప్రతి భాగానికీ ముందు చిన్న వీడియో పెడుతూ తొమ్మిదో భాగానికి చేరింది. నీలవేణి ఆరో భాగం దగ్గర ఆగిపోయి ఇరవై రోజులైంది. ఆ ఇరవై రోజులూ పొద్దున లేవగానే, మొహమైనా కడుక్కోకుండా, చంద్రిక పేజీ తెరిచి వ్యూస్ ఎంత పెరిగాయో చూసుకుని కుళ్లుకోవడమే ఆమె పని. తను తెరిచిన ప్రతిసారీ ఆ లెక్క ఇంకొకటి పెరుగుతుందని మాత్రం తోచలేదు. చివరికి, చంద్రిక అభిమాన పాఠకుల్లో మీరే మొదటివారంటూ యాప్ వాళ్లు అభినందన కూడా పంపేసరికి ఒళ్లు మండిపోయింది. ఆ సంగతి విని మేం నవ్వాం గానీ, ఆ కడుపుమంట మా అందరికీ ఎంతో కొంత ఉంది. దాచడమెందుకు, నేనూ రోజుకోసారి ఆ పేజీ చూసేదాన్ని.

మాస్టారు కళ్లజోడు తుడుచుకుని, చంద్రిక తొమ్మిదో భాగంలో ఏం జరిగిందని అడిగారు. నీలవేణి గుక్క తిప్పుకోకుండా చెప్పింది. నాయిక ఏ రంగు చీర కట్టిందో, చివరి వాక్యమేమిటో, కింద ఎవరెవరు ఏమని పొగిడారో, అంతా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది.

"మరి నీ రత్తమ్మ ఎక్కడుంది?" అన్నారు మాస్టారు.

రత్తమ్మ నీలవేణి నవలలో నాయిక. నీలవేణి తడబడింది. బస్సెక్కించానేమో అంది, కాదు, ఇంకా ఇంట్లోనే ఉందేమో అంది. మాస్టారు ఫోన్ తీసి చూడమన్నారు. ఆమె తన పేజీ తెరవడం ఇరవై రోజుల్లో అదే మొదటిసారి. ఆరో భాగం కింద ఒకే ఒక్క కామెంటు ఉంది, అదీ వారం కిందటిది. పైకి చదవమన్నారు.

"రత్తమ్మ జ్వరంతో ఉన్న బిడ్డని ఎత్తుకుని, మూసేసిన మందుల షాపు ముందు నిలబడింది కదండీ. మందు దొరికిందా? రోజూ వచ్చి చూసి పోతున్నాను."

ఆ కామెంటు పెట్టినావిడెవరో మాలో ఎవరికీ తెలియదు. ఫోన్ పక్కన పెట్టి, అయినా ఆ చంద్రికకి అంతమంది ఎలా వచ్చారో చెప్పమని నీలవేణి మళ్లీ మొదటికే వచ్చింది. మాస్టారు బల్ల మీది కాగితాలూ పెన్నూ ఆమె ముందుకు జరిపారు.

"ఇరవై రోజులుగా ఆ పసిదానికి జ్వరం కాస్తోందమ్మా," అన్నారు. "ముందు దాని సంగతి చూడు."