అసిరయ్య కోసం డప్పులు దించిన రోజు

వినేవాళ్లు ఊఁ కొడితేనే చెప్పేవాళ్లకు ఊపిరి. ఊఁ కొట్టండి మరి.

కొండలకు ఇంకా పేర్లు పెట్టని కాలంలో, ఒక కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్లో అసిరయ్య అనే మేదరి. ముప్పై ఏళ్లవాడు. వెదురు చీల్చి చేటలు అల్లేవాడు. అతని చేటలోంచి నూకగింజ కూడా జారేది కాదు.

మూడంటే మూడు అతనికి పడేవి కావు. చెప్పకుండా ఒంటిమీద చెయ్యి వేస్తే పడదు. రోజూ నడిచే దారి మారితే పడదు. డప్పు అసలే పడదు. ఎవరి కళ్లలోకీ చూసేవాడు కాదు. పొగరన్నారు కొందరు. గాలి సోకిందన్నారు కొందరు. అక్క సన్నెమ్మ మాత్రం, "ఆడి తీరు ఆడిది" అనేది.

ఒకనాడు పెళ్లి ఊరేగింపు మేదర వీధిలోకి మళ్లింది. పది డప్పులు ఒక్కసారిగా మోగాయి. అసిరయ్య చెవులు మూసుకుని కొండమీదికి పరుగెత్తాడు.

పొద్దు వాలింది. మనిషి రాలేదు. ఆ కొండమీద పులి తిరుగుతోంది. మొన్ననే ఒక ఆవును ఈడ్చుకుపోయింది.

మొదటి రోజు ఊరంతా కదిలింది. పులిని బెదరగొట్టాలని పది డప్పులు పట్టుకెళ్లారు. "అసిరయ్యో!" అని కేకలు వేశారు. డప్పు మోగేకొద్దీ అసిరయ్య అడవి లోపలికి పోయాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

రెండో రోజు పక్క ఊరి డప్పులూ తెచ్చారు. మొత్తం ఇరవై. పిలిచి పిలిచి సన్నెమ్మ గొంతు పోయింది. డప్పు మోగేకొద్దీ అసిరయ్య ఇంకా లోపలికి పోయాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మూడో రోజు ముళ్లకంపకు చిక్కుకుని అతని తలపాగా కనిపించింది. పక్కనే పులి అడుగులు.

"ముప్పై డప్పులు తెండి!" అన్నాడు ఊరిపెద్ద గవరనాయుడు.

సన్నెమ్మ తమ్ముడి అడుగులు వెతికింది. డప్పులు వచ్చిన దిక్కుకు వీపు పెట్టి పరుగెత్తిన అడుగులు. ఆమె గవరనాయుడి ముందుకు వచ్చి, పోయిన గొంతు కూడదీసుకుంది.

"డప్పులు దించండి బాబూ," అంది.

"మతిపోయిందా? డప్పు ఆగితే పులొస్తాది."

"ఆగకపోతే నా తమ్ముడు రాడు. డప్పు మనకి చెవిలో పడతాది. ఆడికి ఒళ్లంతా పడతాది, రాళ్లు పడినట్టు."

డప్పులవాళ్లలో పెద్దవాడు గంగులు ముందుగా తన డప్పు నేలమీద పెట్టాడు. తర్వాత ఒక్కొక్కటే దిగాయి.

అందరూ కూర్చున్నారు. పిలవలేదు. దగ్గలేదు. ఎండుటాకు కదిలితే పులే అనుకున్నారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. పొద్దు వాలింది.

పొద కదిలింది. గంగులు చెయ్యి డప్పుమీదికి పోయి ఆగింది.

అసిరయ్య. ఒళ్లంతా గీరుకుపోయింది. సన్నెమ్మ పరుగెత్తి పట్టుకోలేదు. చేతులు ఒళ్లో బిగించుకుంది. అతనే వచ్చి ఆమెకు మూరెడు దూరంలో కూర్చున్నాడు.

"మూడు రోజులు పిలిస్తే రాలేదేమిరా?" గవరనాయుడు మెల్లగా అడిగాడు.

"పిలిచారా?" అన్నాడు అసిరయ్య, నేల చూస్తూ. "తరుముతున్నారనుకున్నాను."

గంగులు కండువాలో మొహం దాచుకున్నాడు.

అసిరయ్య ముసలివాడయ్యాక కన్నుమూశాడు. ఆ ఊళ్లో ఎవరు పోయినా డప్పుతోనే సాగనంపుతారు. అతన్ని మాత్రం చడీచప్పుడు లేకుండా మోసుకెళ్లారు. గంగులు కొడుకు డప్పు భుజాన తగిలించుకుని, వాయించకుండా ముందు నడిచాడు.

ఇప్పటికీ ఆ కొండ కింది ఊళ్లలో మనిషి తప్పిపోతే, వెతికేవాళ్లు ముందు కాసేపు నోరు మెదపకుండా కూర్చుంటారు. బెదిరిన బిడ్డమీద ఎవరైనా కేకలేస్తే, ముసలమ్మలు అంటారు: "ముందు డప్పు దించు."