సముద్రుడి మామగారు

చెంగలేరు ఒడ్డున ఒకప్పుడు ఓ రాజ్యం ఉండేది. రాజ్యమనగానే ఏనుగుల బారులూ ఏడు ప్రాకారాలూ ఊహించుకునేరు, అంత లేదు. ఒక కోట, ఒక చిన్న పట్నం, చుట్టూ కాసిని పల్లెలు. రాజుగారు బురుజు మీద నిలబడి తుమ్మితే పొరుగు రాజు తన మేడ మీంచి ‘చిరంజీవ’ అనేవాడట. మా తాతమ్మ అలాగే చెప్పేది, నేనూ అలాగే చెబుతున్నాను.

ఆ రాజు పేరు అహోబల భూపాలుడు. మనిషి చెడ్డవాడు కాడు సుమండీ. ఆకలన్నవాడికి అన్నం పెట్టేవాడే. కాకపోతే బిరుదుల పిచ్చి. కొత్త బిరుదు పుట్టని పక్షం ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆ బిరుదులు పుట్టించే పని ఆస్థాన పండితుడు పేరిశాస్త్రిగారిది. ఒకనాడు ఆయన కొలువులో లేచి, ఉత్తరీయం సర్దుకుని ఇలా సెలవిచ్చాడు.

“ప్రభూ! చెంగలేరు పుట్టింది మన కొండల్లో. తమ గడ్డ మీద పుట్టింది గనక తమకు కూతురు. ఆ ఏరు పోయి కలిసేది సముద్రుణ్ణి. అంటే సముద్రుడు తమ అల్లుడు. కాబట్టి తమరు సాగరశ్వశురులు! సాక్షాత్తూ సముద్రుడికి పిల్లనిచ్చిన మామగారు!”

రాజుగారికి కాళ్ళు నేలమీద ఆనలేదు. పొరుగు రాజుకు ఎన్ని బిరుదులుంటే మాత్రం ఏం, సముద్రుడంతటి అల్లుడున్నాడా? మంచిరోజు చూసి, మేళతాళాలతో ఏటికి వెళ్ళి, పసుపు కుంకుమలిచ్చి, పట్టుచీర నీళ్ళలో వదిలి, చెంగలేరును కూతురుగా స్వీకరించాడు. మర్నాటినుంచి భటులు తెల్లవారగానే నగారా మోగించి, “సాగరశ్వశుర అహోబల భూపాల మహారాజు వేంచేస్తున్నారహో!” అని ఊరంతా వినబడేలా అరవడం మొదలుపెట్టారు.

రాజుగారికి అందరూ కొడుకులే. ఆడపిల్ల కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, చివరికి ఊరుకున్న రాణి ఆదెమ్మగారు మాత్రం ఆ పట్టుచీర నీళ్ళలో తేలిపోతుంటే చూసి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు, తిప్పన తప్ప.

తిప్పన ఎవరంటారా? ఆ కొలువులో రాజుగారికి ఎదురుగా నిలబడి నవ్వగలిగినవాడు అతనొక్కడే. ప్రభువుకు పొద్దుపోనప్పుడు కబుర్లు చెప్పడం అతని ఉద్యోగం. అందరికీ అతన్ని చూస్తే నవ్వొచ్చేది, శాస్త్రిగారికి మాత్రం ఒళ్ళు మండేది.

ఇక అసలు గొడవ చెబుతాను వినండి. కోట కింద, ఏటి పక్కన ఓ పల్లపు బయలుంది. దాన్ని అందరూ ఏటిపడక అనేవాళ్ళు. శ్రావణంలో ఏరు పొంగి, ఆ బయల్లో పరుచుకుని, నాలుగు రోజులు పడుకుని, తన దారిన తాను పోయేది. అవతలి ఒడ్డున నేతగాళ్ళ ఇళ్ళు, దాని పేరు మగ్గాలవీధి. వరదనీళ్ళు అటు తొంగి కూడా చూసేవి కావు.

రాజుగారు ఊరుకోవచ్చు కదా! బయలు ఖాళీగా పడి ఉంది కదా అని అందులో విహారవనం వేయించాడు. సంపెంగలు, పొగడలు, పాలరాతి అరుగు, వెండిగొలుసుల ఊయల. శ్రావణం వచ్చింది. చెంగలేరూ వచ్చింది. సంపెంగలు పోయాయి, పొగడలు పోయాయి, ఊయల ఎక్కడో చింతతోపులో కొమ్మకు చిక్కుకుని కనిపించింది.

రాజుగారు మండిపడ్డాడు. వెంటనే శాస్త్రిగారు ఉపాయం చెప్పేశారు. “తోటకూ ఏటికీ మధ్య తాటిచెట్టంత ఎత్తున రాతికట్ట పోయిద్దాం ప్రభూ! ఏరు మళ్ళీ ఇటు తలెత్తి చూస్తే ఒట్టు.”

“మరి ఆ నీళ్ళు అటుపక్కకు పోతాయి కదా, ప్రభూ?” అన్నాడు తిప్పన.

“పోనీ! అటుపక్క తోట లేదుగా!”

“తోట లేదు ప్రభూ. మనుషులున్నారు.”

“నీళ్ళొస్తే లేచి మిట్టకు పోతారు. వాళ్ళకు కాళ్ళు లేవా?” అన్నాడు రాజు. అప్పటికే ఆయన మనసు కొత్త ఊయల మీద ఉంది.

ఈ కబురు మగ్గాలవీధికి చేరింది. అక్కడి పెద్దమ్మ చౌడమ్మ, నూలు అంటిన చేతులతోనే కొలువుకు వచ్చి దణ్ణం పెట్టి నిలబడింది.

“దొరా, మావి గుంటమగ్గాలు. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్ళు దింపుకుని కూర్చుని నేస్తాం. ఏరు మా వీధికొస్తే ముందుగా నిండేది ఆ గుంటలే.”

“బండ్లు ఇప్పిస్తాను. మగ్గాలు వేసుకుని మిట్టకు పొండి.”

“మగ్గం మోసుకుపోతాం దొరా. గుంట ఎట్లా మోసుకుపోతాం?” అంది చౌడమ్మ. “మా మామ తవ్విన గుంట అది. నేను కాపురానికొచ్చిన నాటినుంచీ అందులోనే కూర్చుని నేస్తున్నా. ఒక్కసారి నీళ్ళు దిగాయంటే అది ఆరేసరికి ఏడాది పడుతుంది. ఆ ఏడాదీ మా పిల్లలేం తినాలి?”

తప్పు తనదని తెలిసినప్పుడు పెద్దవాళ్ళు ఏం చేస్తారు? కోప్పడతారు. రాజుగారూ అదే చేశాడు.

“చాలు! ఈ కట్ట గొడవతో నా చెవులు చిల్లులు పడుతున్నాయి. ఇవాళ్టినుంచి నా ఎదుట ‘కట్ట’ అన్న మాట ఎవరి నోట వచ్చినా సరే, ఏరు దాటిస్తాను!”

ఏరు దాటించడమంటే ఆ రోజుల్లో కొలువులోంచి వెళ్ళగొట్టడమన్నమాట.

“ఎవరినైనానా, ప్రభూ?” అన్నాడు తిప్పన వినయంగా.

“ఎవరినైనా! ఎంతటివాడైనా ఏరు దాటవలసిందే!”

కోట వాకిట్లో చౌడమ్మ కూలబడి ఉంది. తిప్పన పక్కన గొంతుక్కూర్చున్నాడు.

“ఇంటికి పో అత్తా. దిగులు పెట్టుకోకు.”

“ఎట్లా పెట్టుకోకుండా ఉంటా నాయనా? ఆ మాటే అనకూడదన్నాడే దొర, ఇంక నువ్వు మాత్రం ఏం చెబుతావు?”

“అననులే. అనకుండా చెప్పడానికే కదా ఆయన నన్ను మేపుతున్నది.”

మర్నాడు కొలువు నిండుగా ఉంది. తెర వెనక రాణిగారు కూడా కూర్చుని ఉన్నారు. తిప్పన వచ్చాడు. అతని వెనకాల పళ్ళేలు పట్టుకుని ముత్తయిదువులు.

“ఏమిటయ్యా ఈ హడావుడి?” అన్నాడు రాజు.

“పసుపు, కుంకుమ, గాజులు, చలిమిడి, తమలపాకుల...” అంటూ తిప్పన టక్కున నాలిక కరుచుకున్నాడు.

“తమలపాకుల ఏమిటి?”

“తమలపాకులు కొన్ని ఒకచోట చేర్చి, దారంతో చుట్టింది ప్రభూ. నిన్నటినుంచీ మన రాజ్యంలో దానికి పేరు లేదు.”

తెర వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మీసం సవరించుకుని, “సరే సరే, ఇవన్నీ ఎవరికి?” అన్నాడు.

“అమ్మాయికి ప్రభూ. శ్రావణంలో పుట్టింటికొస్తోంది కదా! ఏ గది సర్దించమంటారో కనుక్కుందామని వచ్చాను.”

“ఎవరమ్మాయి?”

“తమ అమ్మాయే.”

తెర వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. రాజుగారి నుదుట చెమట పట్టింది. “నాకు... నాకు అమ్మాయేమిటయ్యా! మతిపోయిందా నీకు?” అంటూ తెరవైపు చూశాడు.

“అయ్యయ్యో, అంతమాట అనకండి! ఊరంతా ఎరిగిందే కదా. రోజూ పొద్దున్నే భటులు అరుస్తున్నారు కూడాను. సముద్రుడికిచ్చి చేసిన చెంగలమ్మ!”

రాజుగారు ఊపిరి పీల్చుకున్నాడు. “ఓ, ఆ అమ్మాయా! వస్తే రానీ. మంచిదే.”

“అదే ప్రభూ నా బాధ. ఏటేటా అత్తవారింటినుంచి మబ్బుల పల్లకీ ఎక్కి ఎంతో ఆశగా వస్తుంది. నాలుగు రోజులు తన పడకలో పడుకుని పోతుంది. ఆ గది తమరు పూలతోట చేశారు. పోనీ, పూల మధ్యే సర్దుకుని పడుకుంది. ఈసారి అసలు గదికే... నేను అనకూడని ఆ వస్తువు అడ్డం పెట్టిస్తున్నారు. పుట్టింటివాళ్ళు తలుపేసుకుంటే ఆడపిల్ల ఎక్కడికి పోతుంది ప్రభూ? ఎదురింటికి పోతుంది. ‘రాజుగారు కన్నకూతుర్ని గడప తొక్కనివ్వలేదట, పాపం నేతగాళ్ళు చోటిచ్చారట’ అంటారు జనం. ఆ సంగతి అల్లుడి చెవిన పడితే ఇంకేమైనా ఉందా? పొరుగు రాజు ఊరుకుంటాడా?”

పొరుగు రాజు పేరు వినగానే రాజుగారు సింహాసనంలో కాస్త కదిలాడు. ఇది గమనించి శాస్త్రిగారు గబుక్కున లేచారు.

“ప్రభూ, వీడి మాటలు నమ్మకండి! ఏరు కూతురవడమేమిటి? అదొక అలంకారం. కవిత్వంలో అనుకునే మాట!”

“అలాగా!” అన్నాడు తిప్పన ఎంతో ఆశ్చర్యపడుతూ. “అయితే సముద్రుడు అల్లుడు కాడన్నమాట. అల్లుడు కాకపోతే ప్రభువులు మామగారూ కారు. రేపటినుంచి భటుల్ని అరవొద్దని చెప్పి రానా?”

రాజుగారు శాస్త్రి వైపు కళ్ళెర్రజేసి చూశాడు. “ఎవరయ్యా అలంకారమన్నది? ఆమె నా కూతురే!”

శాస్త్రిగారు చతికిలబడ్డారు. అప్పుడు తెర వెనకనుంచి రాణిగారి గొంతు వినిపించింది. ఆమె కొలువులో మాట్లాడడం అదే మొదలు.

“ఒక ఏడు నేను పుట్టింటికి వెళ్ళి రెండో రోజుకే వచ్చేశాను. మీకు గుర్తుందా?”

“గుర్తుంది. నామీద బెంగపెట్టుకుని వచ్చానన్నావు.”

“అబద్ధం చెప్పాను. నేను పుట్టి పెరిగిన గదిలో మా వదిన చింతపండు బుట్టలు పెట్టించింది. వసారాలో పడుకున్నాను. తెల్లవార్లూ ఏడ్చి, పొద్దున్నే పల్లకీ ఎక్కేశాను. ఇన్నాళ్ళూ మీకు చెప్పడానికి సిగ్గేసింది. మనకున్నది ఒక్కటే ఆడపిల్ల. దాన్నైనా అలా పంపకండి.”

రాజుగారు గభాలున లేచి నిలబడ్డాడు.

“ఆ తోట మా అమ్మాయి గది! అది అమ్మాయికే. ఇటుపక్క కట్ట ఆపేయండి! దానికోసం తెప్పించిన రాళ్ళన్నీ ఏరు దాటించి, మగ్గాలవీధి పక్కన కట్ట పోయండి!”

తిప్పన రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. “ప్రభూ! ఎంత పని చేశారు! ఆ మాట ఒకసారి కూడా కాదు, రెండుసార్లు అన్నారు!”

రాజుగారు ముందు తెల్లబోయాడు. తరవాత మీసాలు వణికాయి. ఆ తరవాత పొట్ట పట్టుకుని పకపకా నవ్వాడు. “దొరికిపోయాను కదరా! సరే, ఎంతటివాడైనా ఏరు దాటవలసిందేనన్నాను. దాటతాను. పద!”

అన్నట్టే పడవెక్కి మగ్గాలవీధికి వెళ్ళాడు. తన చేత్తో మొదటి తట్ట మట్టి పోశాడు. చౌడమ్మ మజ్జిగ ఇస్తే తాగి, ఆమె మగ్గం గుంటలో కూర్చుని చూస్తానని సరదాపడ్డాడు. కూర్చోవడం వరకు బాగానే కూర్చున్నాడు. పైకి లాగడానికి మాత్రం వీధివీధంతా రావలసి వచ్చింది.

శ్రావణం వచ్చింది. వానలు దంచి కొట్టాయి. చెంగలేరు ఎర్రగా పొంగి వచ్చి, సంపెంగలు లేని ఆ బయల్లో హాయిగా పరుచుకుంది. రాజూ రాణీ కోట మెట్ల మీద నిలబడి, చౌడమ్మ నేసి ఇచ్చిన పసుపుపచ్చ చీరను నీళ్ళలో వదిలారు. అవతలి ఒడ్డునుంచి మగ్గాల చప్పుడు వినబడుతూనే ఉంది.

రాజుగారు ఆ నీళ్ళనే చూస్తూ, “అంత గొప్పింటి కోడలు కదయ్యా, అయినా ఏటేటా ఇలా పుట్టింటికి పరిగెత్తుకొస్తుందెందుకు?” అన్నాడు.

“ఏం చేస్తుంది ప్రభూ, అత్తవారింట అన్నింట్లోనూ ఉప్పెక్కువ!” అన్నాడు తిప్పన.

రాజుగారి నవ్వు ఆ రోజు పొరుగు రాజుకు కూడా వినబడిందట. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, “నీకో మంచి బిరుదు ఇప్పిస్తాను తిప్పనా!” అన్నాడు.

“వద్దు ప్రభూ, బిరుదుల వెంట కూతుళ్ళొస్తారు. నాకున్న గది ఒక్కటే!”

రాజుగారు మళ్ళీ నవ్వి, తన భుజం మీది శాలువా తీసి అతనికి కప్పాడు. తిప్పన అంచు తిప్పి చూసుకున్నాడు. అది చౌడమ్మ మగ్గం మీద నేసిందే. అది నేసిన గుంటలో ఆ ఏడూ, ఆ తరవాత ఏ ఏడూ చుక్క నీరు దిగలేదు.